చెరువులో చేపలెన్ని? వల లెక్కల నుంచి అంచనా వేసే పద్ధతి

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చేపపిల్లలు వదులుతారు. సంక్రాంతి దాటేసరికి మత్స్య సహకార సంఘాల వాళ్లంతా ఒకటే ప్రశ్న అడుగుతారు: "లోపల ఎన్ని ఉన్నాయంటారు?" వరంగల్ దగ్గరి పరకాల వైపు చిన్న కుంటైనా, ఊరంత పెద్ద చెరువైనా అడిగేది అదే. వల వేసి చూస్తే తెలుస్తుందనుకుంటారు. తెలుస్తుంది కూడా. కాకపోతే ఎన్ని చేపలు పడ్డాయన్న ఒక్క అంకెతో పని కాదు. ఎంత వలకు, ఎన్ని గంటలకు, చెరువులో ఏ మూల పడ్డాయో కూడా రాసిపెట్టుకుంటేనే ఆ అంకెకు విలువ.

కింది లెక్కల్లోని అంకెలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవే. మీ చెరువు అంకెలు పెట్టి చేసుకోండి.

## 1. ముందు ప్రశ్న తేల్చుకోండి

మీకు కావలసింది ఈ మూడింట్లో ఏది?

- పోయినేడుతో పోలిస్తే చేప పెరిగిందా, తగ్గిందా?
- మొత్తం ఎన్ని చేపలున్నాయి?
- ఎన్ని కిలోలు చేతికొస్తాయి?

మొదటి దానికి మొత్తం సంఖ్య అక్కర్లేదు. ఒకే పద్ధతిలో ఏటా వల వేసి పోల్చుకుంటే చాలు. చాలా సంఘాలకు నిజంగా కావలసింది ఇదే. అయినా మొత్తం సంఖ్య కావాలని పట్టుబడతారు. దానికి శ్రమ మూడింతలవుతుంది, నమ్మకం మాత్రం అంతగా పెరగదు.

ఏ చేప, ఏ సైజు అన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. "బొచ్చె, రవ్వ, మృగాల, అరకిలో పైబడినవి" అన్నట్టు. అన్ని రకాలనూ ఒకే అంకెలో కలిపితే ఆ అంకె దేనికీ పనికిరాదు. కొరమీను, మార్పు బురదలో, నాచులో ఉంటాయి, పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. బొచ్చెకు పనిచేసిన లెక్క వాటికి పనిచేయదు.

## 2. చెరువును బట్టి పద్ధతి

పెద్ద చెరువులు, రిజర్వాయర్లు. రామప్ప, లక్నవరం, పాఖాల, లోయర్ మానేరు లాంటివి. ఇక్కడ మీరు పట్టేది మొత్తంలో చాలా చిన్న వాటా. పట్టిన కొద్దీ చేప తగ్గడం అంకెల్లో కనబడదు. అందుకే ఏటేటా పోల్చే సూచిక ఒక్కటే ఆచరణలో నిలుస్తుంది. పాఖాల అభయారణ్యంలో ఉంది కాబట్టి అక్కడ అటవీ శాఖ అనుమతి లేకుండా వల తీయకండి.

చిన్న చెరువులు, కుంటలు, వేసవిలో నీళ్లు తగ్గినవి. లాగుడు వలతో వరుసగా కొన్ని రోజులు పట్టి, పట్టుబడి ఎలా తగ్గుతోందో చూసి అసలు సంఖ్య కట్టవచ్చు. దీన్ని తరుగుదల పద్ధతి అందాం.

మధ్యరకం చెరువులు, పట్టుబడి సీజన్‌కు ముందు. కొన్ని చేపలకు గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టి, అందులో గుర్తువి ఎన్నో చూడడం.

## 3. ఎప్పుడు చేయాలి

చెరువు "మూసి" ఉండాలి. అంటే సర్వే రోజుల్లో చేప బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. మత్తడి (అలుగు) దుంకుతున్నప్పుడు చేసిన ఏ అంచనా అయినా గాలి లెక్కే. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి పోస్తే దాని చేప కింది చెరువులోకి దిగుతుంది. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ నీళ్లతో చెరువు నింపుతున్న రోజుల్లో కూడా ఇదే గొడవ.

మన దగ్గర డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. మత్తడి ఆగిపోయి ఉంటుంది, అసలు పట్టుబడి ఇంకా మొదలుకాదు. చల్లదనానికి చేతిలో పట్టుకున్న చేప తట్టుకుంటుంది. గుర్తు పెట్టే పని ఏప్రిల్‌లో అసలు పెట్టుకోకండి. తరుగుదల పద్ధతి మాత్రం మార్చి నుంచి మే దాకా, ఎలాగూ పట్టే రోజుల్లోనే చేయాలి.

పున్నమి రాత్రుల్లో వల కనబడి చేప తప్పుకుంటుంది. ప్రతి ఏడూ ఒకే తిథికి దగ్గరగా పెట్టుకుంటే ఆ తేడా రాదు.

## 4. బయల్దేరే ముందు సరిచూసుకోండి

- సంఘం తీర్మానం, ఆ వారం ఇంకెవరూ వల వేయొద్దన్న ఒప్పందం
- చెరువు చేతిపటం: కట్ట, తూము, మత్తడి, శిఖం (నీళ్లు తగ్గితే బయటపడే చెరువు భూమి) వైపు పలచ నీళ్లు
- గిల్ నెట్లు (నీళ్లలో నిలబెట్టే వలలు, చేప మొప్పల దగ్గర చిక్కుకుంటుంది) కనీసం మూడు నాలుగు కన్ను సైజుల్లో, ఒక్కొక్కటి ఎన్ని మీటర్లో కొలిచి రాసినవి
- తెప్ప, తాడు, బరువులు, తేలే డబ్బాలు
- కొలపట్టీ, రెండు తూకాలు (చిన్న చేపకొకటి, పెద్ద చేపకొకటి)
- గడియారం లేదా ఫోను
- గళ్ల నోటుబుక్కు, పెన్సిల్, పాలిథిన్ కవరు

పెన్నుతో రాస్తే తడికి మొత్తం పోతుంది, పెన్సిలే వాడండి. వల కన్నును సాగదీసి ఎదురెదురు ముడుల మధ్య కొలవాలి. అమ్మినవాడు చెప్పిన సైజు రాయకండి. ఉతికి, ఎండి, కుట్లు పడ్డాక అది మారుతుంది.

## 5. చెరువును మూడు ముక్కలు చేయండి

కట్ట వెంట లోతు నీళ్లు ఒకటి, నడి చెరువు ఒకటి, శిఖం వైపు నాచు, తామర ఉన్న పలచ నీళ్లు ఒకటి. ఒక్కో ముక్క ఎన్ని హెక్టార్లో పటంలో కొలవండి. ప్రతి ముక్క మీద గళ్లు గీసి, గళ్లకు నంబర్లు వేసి, చీటీలు తీయండి. చీటీలో వచ్చిన గడిలోనే వల వేయాలి.

గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఒక ఊళ్లో తెప్ప నడిపే పెద్దమనిషి నా చీటీ చూసి నవ్వాడు. "చేపలు లేని కాడ వలెందుకు సారూ? నేను చూపిస్త పా." ఆయన చూపించే చోట చేప నిజంగానే ఉంటుంది. ముప్పై ఏళ్ల అనుభవం అది. కానీ చేప ఉన్నచోటే వల వేస్తే చెరువంతా అట్లాగే నిండి ఉందని లెక్క చెబుతుంది. పట్టడానికి ఆయన మాట వినాలి, లెక్కకు చీటీ మాట వినాలి.

ఎంత తేడా వస్తుందో చూడండి. 40 హెక్టార్ల చెరువు, వంద మీటర్ల వలకు గంటకు పడిన చేపలు:

- లోతు నీళ్లు, 10 హెక్టార్లు: 12
- నడి చెరువు, 18 హెక్టార్లు: 5
- పలచ నీళ్లు, 12 హెక్టార్లు: 3

విస్తీర్ణంతో గుణించి కూడితే 120 + 90 + 36 = 246. దాన్ని 40తో భాగిస్తే 6.15. లోతు నీళ్లలోనే వేసి వచ్చేస్తే 12 అని రాసేవాళ్లం. దాదాపు రెట్టింపు.

ఒక్కో ముక్కలో కనీసం మూడు వలలు వేయండి. మూడింటి మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే ఆ ముక్కలో ఇంకా రెండు మూడు వేయాలి.

## 6. వల శ్రమ రాయడం

మొదటిసారి నర్సంపేట వైపు సర్వే చేసినప్పుడు నా పుస్తకంలో చేపల సంఖ్య, బరువు, రకం అన్నీ పొందికగా ఉన్నాయి. వల పొడవు మాత్రం రాయలేదు. మూడు రోజుల పని పోయింది.

యూనిట్ ముందే ఖాయం చేసుకోండి. "100 మీటర్ల వల, ఒక గంట" అన్నది తేలిక. మూడు వందల మీటర్ల వల పన్నెండు గంటలుంటే 36 యూనిట్లు. పడిన చేపల్ని యూనిట్లతో భాగిస్తే వచ్చేదే సీపీయూఈ, అంటే యూనిట్ శ్రమకు పడిన చేప.

పోయినేడు 36 యూనిట్లకు 108 చేపలు పడ్డాయనుకోండి, సీపీయూఈ 3. ఈ ఏడు 60 యూనిట్లకు 150. చేపలు ఎక్కువ పడ్డాయని సంఘంలో సంబరం. కానీ సీపీయూఈ 2.5కు దిగింది.

ప్రతి వలకు ఒక వరుస, అందులో ఇవన్నీ ఉండాలి:

- తేదీ, గడి నంబరు, నీటి లోతు
- వల పొడవు, కన్ను సైజు
- వేసిన టైం, ఎత్తిన టైం
- రకాలవారీగా సంఖ్య, బరువు
- తూము దగ్గర నీటిమట్టం
- ఏమైనా తేడా జరిగితే: వల చిరిగింది, గుర్రపు డెక్క చుట్టుకుంది, గాలి లేచింది

మూడు మాటలు గట్టిగా చెప్పాలి.

సున్నా పడినా రాయండి. "ఏం పడలేదు, ఏం రాయాలి" అని ఆ వరుస వదిలేస్తే సగటు ఊరికే పెరిగిపోతుంది.

కూరకు తీసుకునే చేపను లెక్కలో రాశాకే తీసుకోవాలి. తెప్ప ఒడ్డుకొచ్చేలోపే రెండు మాయమవుతాయి, అందరికీ తెలిసిందే. తీసుకోవద్దంటే వినరు. రాసి ఇచ్చేస్తే గొడవ లేదు.

వలలన్నీ సమానమైన గంటలు ఉంచండి. గిల్ నెట్‌లో చేప నిండే కొద్దీ కొత్తగా చిక్కేది తగ్గుతుంది. ఒకటి ఆరు గంటలు, ఇంకొకటి పన్నెండు గంటలు ఉంటే గంటలతో భాగించినా ఆ తేడా పోదు. సాయంత్రం ఆరుకు వేసి పొద్దున ఆరుకు ఎత్తడం అన్నిచోట్లా కుదురుతుంది. రాత్రి మధ్యలో ఎవరైనా వల ఎత్తి చూశారని తెలిస్తే ఆ వరుసను కొట్టేయండి. దాన్ని సరిచేసే ప్రయత్నం చేయకండి.

## 7. నీళ్లు తగ్గితే అంకె మోసం చేస్తుంది

మన చెరువుల్లో అందరూ పడే గుంత ఇది. జనవరిలో 40 హెక్టార్ల నీళ్లు, సీపీయూఈ 6. ఏప్రిల్‌లో యాసంగికి నీళ్లు వదిలాక 18 హెక్టార్లు, సీపీయూఈ 11. చేప పెరిగిందా?

లేదు. అదే చేప చిన్న జాగాలో ఇరుక్కుంది, వలకు ఎక్కువ తగులుతోంది. సీపీయూఈని విస్తీర్ణంతో గుణించి చూడండి. జనవరిలో 6 × 40 = 240. ఏప్రిల్‌లో 11 × 18 = 198. నిజానికి కొంత తగ్గింది. ఇది మోటు లెక్కే, అయినా తప్పుడు సంబరం నుంచి కాపాడుతుంది. కుదిరితే ఏటా ఒకే నీటిమట్టం దగ్గర సర్వే పెట్టుకోండి. తూము దగ్గర మట్టం రాయమన్నది ఇందుకే.

## 8. తరుగుదల పద్ధతి, లెక్కతో సహా

లాగుడు వలతో రోజూ ఒకే సంఖ్యలో లాగుళ్లు వేయండి. అదే వల, అదే మనుషులు, వరుసగా నాలుగైదు రోజులు. పట్టిన చేప మళ్లీ చెరువులోకి పోకూడదు. అందుకే దీన్ని అమ్మకంతో ముడిపెట్టుకోవాలి.

రోజుకు పది లాగుళ్లు వేశారనుకోండి. పట్టుబడి వరుసగా 820, 690, 590, 470, 410. లాగుడుకు సగటున 82, 69, 59, 47, 41.

ఇప్పుడు ప్రతి రోజుకూ "అప్పటిదాకా తీసిన చేప" కట్టాలి. అంతకుముందు రోజుల మొత్తం పట్టుబడికి ఆ రోజు పట్టుబడిలో సగం కలపండి. సగమే ఎందుకంటే ఆ రోజు చేప పొద్దంతా కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది.

- మొదటి రోజు: 410
- రెండో రోజు: 820 + 345 = 1,165
- మూడో రోజు: 1,510 + 295 = 1,805
- నాలుగో రోజు: 2,100 + 235 = 2,335
- ఐదో రోజు: 2,570 + 205 = 2,775

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఈ అంకెలు, నిలువుగా లాగుడు సగటు పెట్టి ఐదు చుక్కలు వేయండి. వాటి మధ్యగా స్కేలుతో ఒక గీత గీసి కిందికి సాగదీయండి. అది అడ్డగీతను ఎక్కడ తాకితే అక్కడున్న అంకే మొదట చెరువులో ఉన్న చేపల సంఖ్య. లాగుడు సగటు సున్నా కావాలంటే అన్ని చేపలు తీయాలన్నమాట.

ఎక్సెల్‌లో అయితే స్లోప్ (గీత వాలు), ఇంటర్‌సెప్ట్ (గీత నిలువు గీతను తాకే అంకె) ఫార్ములాలు వాడండి. పై అంకెలకు స్లోప్ మైనస్ 0.01761, ఇంటర్‌సెప్ట్ 89.5. మైనస్ గుర్తు తీసేసి 89.5ను 0.01761తో భాగిస్తే సుమారు 5,080. ఐదు రోజుల్లో 2,980 తీశాం కాబట్టి ఇంకా సుమారు 2,100 ఉన్నాయి. ఒక్కో లాగుడు అప్పటికున్న చేపలో 1.8 శాతం దాకా తెస్తోందని కూడా స్లోప్ చెబుతోంది.

రెండు రోజులతోనే తేల్చే అడ్డదారి ఒకటుంది. మొదటి రోజు పట్టుబడిని దానితోనే గుణించి, రెండు రోజుల తేడాతో భాగించాలి. 820 × 820 ÷ 130 = సుమారు 5,170. బాగానే వచ్చింది కదా అనిపిస్తుంది. రెండో రోజు 690 బదులు 750 పడి ఉంటే? తేడా 70 అవుతుంది, జవాబు 9,600 దాటుతుంది. అరవై చేపలకే అంచనా రెట్టింపుకు దగ్గరైంది. రెండు రోజుల లెక్కతో ఎవరికీ మాట ఇవ్వకండి.

ఈ పద్ధతి సాధారణంగా తక్కువ చూపిస్తుంది. తేలిగ్గా చిక్కే చేప ముందు చిక్కుతుంది. మిగిలినవి వల చప్పుడుకు నాచులోకి, మొద్దుల కిందికి దూరతాయి. పట్టుబడి గబగబా పడిపోతుంది, చేప అయిపోయిందనిపిస్తుంది. చుక్కలు సరళరేఖగా కాక చివర్లో వంగుతుంటే దీన్ని అనుమానించండి.

## 9. గుర్తు పెట్టి మళ్లీ పట్టడం

1. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చేపల్ని పట్టండి. తడి చేతులతోనే ముట్టుకోండి. పొలుసు రాలిన బొచ్చె బతకడం కష్టం.
2. కడుపు కింది రెక్కల్లో ఒకదాని కొసను చిన్న కత్తెరతో కత్తిరించండి. అందరూ ఒకే వైపు రెక్కను కత్తిరించాలి. ఒకరు ఎడమ, ఒకరు కుడి కత్తిరిస్తే తర్వాత కొట్టుకోవాల్సిందే.
3. గుర్తు పెట్టిన వాటిలో ఇరవై చేపల్ని ఒక జాలీలో ఒక రోజు ఉంచండి. రెండు చస్తే, వదిలిన వాటిలోనూ పదో వంతు పోయినట్టే లెక్క కట్టి తగ్గించండి.
4. అన్నిటినీ కట్ట దగ్గరే గుమ్మరించకండి. చెరువు మూడు ముక్కల్లోనూ వదలండి.
5. నాలుగు రోజుల నుంచి వారం దాకా ఆగండి.
6. రెండోసారి వీలైతే వేరే రకం వలతో పట్టండి. ఒకసారి గిల్ నెట్‌లో చిక్కిన చేప మళ్లీ దాని జోలికి అంత తేలిగ్గా రాదు. అలా తప్పుకుంటే గుర్తువి తక్కువ దొరికి అంచనా పెరిగిపోతుంది.

లెక్క ఇలా ఉంటుంది. గుర్తు పెట్టినవి 400, రెండోసారి పట్టినవి 360, అందులో గుర్తువి 23. మూడింటికీ ఒక్కొక్కటి కలపండి: 401 × 361 ÷ 24. వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే సుమారు 6,030. ఒకటి కలపడం గుర్తువి తక్కువ దొరికినప్పుడు అంచనా ఊరికే పెరగకుండా చూస్తుంది.

ఇప్పుడు ఈ అంచనా ఎంత అటూఇటూ పోతుందో కట్టాలి. 401 × 361ని 377తో (400లోంచి 23 తీసేస్తే), 337తో (360లోంచి 23 తీసేస్తే) గుణించండి. ఆ వచ్చినదాన్ని 24 × 24 × 25తో భాగించి వర్గమూలం తీయండి. 1,130 వస్తుంది. దానికి దాదాపు రెండింతలు (1.96 రెట్లు) అటూఇటూ వేస్తే సుమారు 3,800 నుంచి 8,250 దాకా. అంత వెడల్పా అని నీరుగారకండి. గుర్తువి 23 మాత్రమే దొరికితే నిజాయితీగా చెప్పగలిగేది అంతే. పదికన్నా తక్కువ దొరికితే అంకె చెప్పకండి, ఇంకోరోజు పట్టండి.

గుర్తు చేపల్ని ఎవరైనా ఇంటికి తీసుకుపోయినా, కొంగలు ఎత్తుకుపోయినా అంచనా పైకే పోతుంది. ఊళ్లో ముందే చెప్పి ఉంచండి: రెక్క తెగిన చేప దొరికితే కబురు చేయమని.

## 10. సంఖ్య నుంచి కిలోలకు

రకానికి కనీసం యాభై చేపల్ని, ఏరకుండా, తూచి సగటు తీయండి. పెద్దవే ముందు చేతికొస్తాయి, అవే తూస్తే సగటు పెరుగుతుంది. సగటు ముప్పావు కిలో ఉంటే 5,080 చేపలు 3,810 కిలోలు. ఇది వల కన్నుకు చిక్కే సైజుకే వర్తిస్తుంది. 80 మిల్లీమీటర్ల కన్ను లోంచి దాటిపోయే చేప మీ లెక్కలో లేదు, చెరువులో లేదని కాదు.

## 11. అంకె వచ్చాక అడగాల్సిన ప్రశ్నలు

వదిలిన పిల్లలకన్నా ఎక్కువ వచ్చిందా? బొచ్చె, రవ్వ, మృగాల నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టి పెరగవు. పారే వరద నీళ్లు కావాలి. కాబట్టి వదిలినవాటికన్నా ఎక్కువ వస్తే పై చెరువు నుంచో, కాలువ నీళ్లతోనో దిగి ఉండాలి, లేదా పోయినేటి చేప మిగిలి ఉండాలి. అవేవీ కాదంటే లెక్క తప్పు. బంగారు తీగ, జిలేబి చెరువులోనే పిల్లలు పెడతాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

వదిలిన పిల్లల సైజెంత? చిన్న చెరువులకు ప్రభుత్వం ఇచ్చేవి 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు. పెద్ద రిజర్వాయర్లకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. కొరమీను, మార్పు ఉన్న చెరువులో మొదటి రకం పిల్లలు చాలా భాగం వాటి నోట్లోకే పోతాయి. అక్కడ అంచనా తక్కువ వస్తే కంగారుపడకండి.

రెండు పద్ధతులు రెండు మాటలు చెబుతున్నాయా? తరుగుదల 5,080 అని, గుర్తు పద్ధతి 6,030 అని అంటే పెద్ద తేడా కాదు. మొదటిది తక్కువ వైపు, రెండోది ఎక్కువ వైపు జరిగే గుణమున్నవే. 5,080, 12,000 అని వస్తే గుర్తు చేపలు చచ్చాయా, చెరువు నిజంగా మూసి ఉందా అని వెనక్కి వెళ్లి చూడండి.

## 12. రిజిస్టరులో ఏం రాయాలి

ఒక్క అంకె రాయకండి. ఇలా రాయండి: "బొచ్చె, రవ్వ, మృగాల, అరకిలో పైబడినవి. అంచనా 6,000, నమ్మదగిన హద్దులు 3,800 నుంచి 8,250. జనవరి రెండో వారం, తూము దగ్గర నీటిమట్టం ఇంత, గుర్తు పద్ధతి, గుర్తువి 23." కొనే వ్యాపారితో మాట్లాడేటప్పుడు కింది హద్దు పట్టుకోండి. ఆరు వేలని చెప్పి అడ్వాన్సు తీసుకుని నాలుగు వేలే తేలితే ఆ టెన్షన్ మీదే.

సర్వేకు వాడిన వలల్ని మామూలు పట్టుబడికి ఇవ్వకుండా విడిగా మూటకట్టి, మూటలో పొడవు, కన్ను సైజు రాసిన చీటీ వేసి సంఘం గదిలో పెట్టండి. వచ్చే జనవరిలో అవే కావాలి.